కళింగపట్నంలో సూర్యుడు సముద్రంలో మునగడు: నీటిరంగుల ప్రకృతి చిత్రంలో వేళ, గుర్తు, పద్ధతి ఎంచుకోవడం

చిత్రలేఖన పోటీలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచిన ప్రతిసారీ కనీసం ఒక బొమ్మ ఇలా ఉంటుంది: సముద్రం, దాని మీద తెరచాప పడవ, నీళ్లలోకి సగం దిగిన ఎర్రటి సూర్యుడు, కింద ‘కళింగపట్నంలో సాయంత్రం’ అనే పేరు. రంగులు బాగానే కలిపి ఉంటారు. కానీ మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గాని సముద్రంలోకి దిగడు. సాయంత్రం ఒడ్డున నీళ్లకేసి నిలబడితే ఆయన మన వీపు వెనక, తోటల మీదుగా నేల వైపు వాలుతుంటాడు. అప్పుడు సముద్రం మీద జరిగేది వేరు. తూర్పు దిగంతం వెంబడి బూడిద కలిసిన నీలి పట్టీ ఒకటి మెల్లగా పైకి లేస్తుంది. దాని పైన లేత గులాబీ పట్టీ. ఆ నీలం భూమి నీడ. గాలి మీద పడి మనకు కనిపిస్తోంది. ఇంత గంభీరమైన సంగతి ఎదురుగా జరుగుతుంటే మనం ఎక్కడిదో పడమటి తీరపు క్యాలెండరు చూసి ఎర్రసూర్యుణ్ణి దించుకుంటున్నాం. నేనూ చాలా ఏళ్లు దించాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొత్తగా వాటర్ కలర్ పట్టినవాళ్లు అడిగేవి చాలావరకు ఎంపిక ప్రశ్నలే. ఉదయం వేయాలా, సాయంత్రమా? పడవ పెట్టాలా, తాటిచెట్టా? కాగితం ముందే తడపాలా, పొరలు పొరలుగా వేయాలా? వీటికి విడివిడిగా జవాబు చెప్పబోతే ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. చూసేవాడి మనసు ఎలా కావాలో ముందు తేల్చుకుంటే మిగిలినవి దాని వెనకే నడిచి వస్తాయి. మన అలంకారశాస్త్రం దీనికి ఏనాడో పేరు పెట్టింది: ఉద్దీపన విభావం. వెన్నెల, పిల్లగాలి, కోయిల కూత కథలో పాత్రలు కావు. రసాన్ని రాజేసే నిప్పురవ్వలు. ప్రకృతి చిత్రంలో నాయికా నాయకులు ఉండరు గనుక మొత్తం భారం ఆ నిప్పురవ్వల మీదే. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య పత్రికలకు వేసిన ముఖచిత్రం ఏదైనా దొరికితే, అమ్మాయి వెనక ఉన్న ఆకాశాన్నీ చెట్టునీ అరచేత్తో మూసి చూడండి. ఆమె ముఖంలోని భావం సగానికి సగం తగ్గిపోతుంది.

వేళ: ఎదురు వెలుగు, వెనక వెలుగు

సూర్యుడు దిగువన ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఇది ఉదయానికీ సాయంత్రానికీ ఒకటే. అందువల్ల రెండింటికీ ఒకటే రంగుల పళ్లెం చాలనుకుంటారు. మన తీరంలో అసలు తేడా వెలుగు వచ్చే దిక్కులో ఉంది.

ఒకే పడవను తీసుకోండి. ఉదయం ఆరు గంటలకు దాని వెనక నుంచి వెలుగు మన కళ్లలోకి కొడుతుంది. పడవ నల్లటి ఆకారం మాత్రమే. రంగు తెలియదు, చెక్క మీద అతుకులు కనిపించవు, ఎవరిదో చెప్పలేం. ఇక అది ఏ పడవైనా కావచ్చు: ప్రయాణం, ఎదురుచూపు, పోయినవాళ్లు, చూసేవాడు ఏది అనుకుంటే అది. అదే పడవ దగ్గరికి సాయంత్రం అయిదున్నరకు వెళ్లండి. వెలుగు మన భుజాల మీదుగా వెళ్లి దాని మీద పడుతుంది. నీలిరంగు మీద పసుపు గీత, అణియం (పడవ ముందుభాగం) దగ్గర పెచ్చులూడిన చోటు, పక్కన కుప్పపోసిన వల, అన్నీ విడివిడిగా తెలుస్తాయి. ఇప్పుడది ఫలానా వాళ్ల పడవ. ఎదురు వెలుగు వస్తువును గుర్తుగా మారుస్తుంది, మన వెనక నుంచి పడే వెలుగు దాన్ని మళ్లీ వస్తువుగా చేస్తుంది. బొమ్మలో ప్రతీక బలంగా కావాలంటే తెల్లవారుజామున లేవండి. మనుషుల బతుకు తగలాలంటే సాయంత్రం చాలు, నిద్ర పాడు చేసుకోనక్కరలేదు.

ఉదయం అంటే ఆశ అని రాసేస్తారు గాని, శ్రీకాకుళంలో ఆ మాట అంత తేలిక కాదు. అరసవల్లి సూర్యదేవాలయం మన పక్కనే ఉంది. ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు తొలి కిరణాలు గర్భగుడి దాకా వచ్చి స్వామి పాదాల మీద పడతాయని జనం చీకటితోనే వరస కడతారు. రథసప్తమికి సరేసరి. ఇక్కడి మనిషికి ఉదయపు సూర్యుడంటే కళ్లకూ ఒంటికీ ఆరోగ్యం ఇచ్చే దేవుడు. కాబట్టి మీ ఉదయచిత్రంలో సూర్యబింబాన్ని నడిమధ్య గుండ్రంగా పెట్టారో, ప్రకృతి చిత్రం వెళ్లిపోయి దేవుడి పటం వస్తుంది. అదే కావాలంటే పెట్టండి, తప్పేమీ లేదు. వద్దనుకుంటే బింబాన్ని కాగితం బయటే ఉంచి, నీళ్ల మీద తళుకును మాత్రం రానివ్వండి.

మిట్టమధ్యాహ్నాన్ని ఎవరూ ఎంచుకోరు. నాకు మాత్రం అదే మన జిల్లా అసలు ముఖమనిపిస్తుంది. మే నెలలో శ్రీకాకుళం పట్టణం వంతెన మీద నిలబడి నాగావళిని చూడండి. నీటికంటే ఇసుకే ఎక్కువ. నీడలు కాళ్ల కిందికి ముడుచుకుపోతాయి, దూరపు చెట్లు రంగు పోయి తెల్లబారతాయి. ఎరుపు లేదు, నీలం లేదు, వెలిసిన గోధుమరంగు ఒకటే. ఆ శూన్యంలో ఒక భావం ఉంది. దిగులు అనలేం, విసుగు అనలేం, ఊపిరి బిగబట్టుకుని ఉండటం లాంటిది. దాన్ని పట్టుకోవడం కష్టం, అమ్మడం ఇంకా కష్టం. గోడకు మే నెల మధ్యాహ్నాన్ని తగిలించుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు?

వాన, తుఫాను సంగతి వేరు. అప్పుడు బయట కూర్చోలేం, తిరిగి వచ్చి జ్ఞాపకం మీద వేయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు కొబ్బరితోటల ఫొటోలు చూసి చాలామంది బొమ్మలు వేశారు. కూలిన చెట్ల గుట్టలు, నల్లటి మబ్బులు, మెరుపులు. నేనూ ఒకటి వేసి చింపేశాను. ఎక్కువ చెట్లు పడినకొద్దీ బాధ పెరుగుతుందనుకోవడం నా పొరపాటు. అక్కడి రైతుకు కొబ్బరిచెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఇంట్లో మనిషిలా చూసుకుంటాడు. ఆ దుఃఖానికి మట్టలన్నీ పోయి మొండెంగా నిలబడ్డ ఒక్క చెట్టు, దాని వెనక ఏమీ ఎరగనట్టు తేటపడిన ఆకాశం సరిపోతాయి. మబ్బులు వద్దు. ఆకాశమే ప్రకృతి చిత్రంలో భావానికి ముఖ్యమైన అంగమని ఆంగ్ల చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ 1821లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆయన వేసవి అంతా మబ్బుల్ని వేసి వెనకవైపు తేదీ, వేళ, గాలి దిక్కు రాసుకునేవాడు. ఆ అలవాటు మనకూ పనికొస్తుంది. ఆకాశానికి ఏడుపుముఖం పెడితేనే దుఃఖం అన్న సూత్రం మాత్రం ఆయన చెప్పలేదు.

గుర్తు: కథ కావలసినవి, కథ అక్కరలేనివి

విజయనగరం పెద్దచెరువును ఊరివాడికి, బయటివాడికి పక్కపక్కనే చూపించండి. బయటివాడికి అది గట్టు, నీళ్లు, కాస్త గుర్రపుడెక్క. ఊరివాడికి పైడితల్లి అమ్మవారు. 1757లో బొబ్బిలి యుద్ధం రోజుల్లో విజయనగరం రాజు చెల్లెలు ఆ చెరువులో కలిసిపోయిందనీ, తర్వాత అమ్మవారి విగ్రహం అందులోంచే దొరికిందనీ చెప్పుకుంటారు. నీళ్లమీద ఒక వలయం వేస్తే చాలు, అతని ఒళ్లు జలదరిస్తుంది. ఇలాంటివి కథ కావలసిన గుర్తులు. చూసేవాడికి కథ తెలిస్తే బొమ్మ పది రెట్లు పలుకుతుంది, తెలియకపోతే మూగది. ప్రదర్శన విజయనగరంలోనే అయితే ధైర్యంగా పెద్దచెరువును ఎంచుకోండి. బొమ్మ హైదరాబాదుకో ఢిల్లీకో పోయేదైతే పక్కన పెట్టండి, లేదా పేరులోనైనా దారి చూపండి.

కథ అక్కరలేని వాటిలో మొదటిది పడవ. మరీ అరిగిపోయింది. అయినా అందులో ఎంపికకు చోటుంది. నీళ్లమీద ఉన్న పడవ వెళ్తోందా వస్తోందా తెలియదు, అందుకే అది ఏ భావానికైనా లొంగుతుంది, అందుకే దేనికీ గట్టిగా నిలబడదు. ఇసుక మీదికి లాగిన పడవ ఎదురుచూపు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో మర పడవలు ఒడ్డున వరసగా మూతులు ఎత్తుకుని పడుంటాయి, వలలు బాగుచేసుకునేవాళ్లు నీడలో కూర్చుంటారు. ఎదురుచూపును కల్పించనక్కరలేదు, లెక్కపెట్టిన రోజులతో సహా అక్కడే ఉంది. నన్ను అడిగితే పడవను ఈ రెండు నెలల్లోనే వేయాలి.

తాటిచెట్టా, కొబ్బరిచెట్టా? రెండూ మనకు కావలసినన్ని. కొబ్బరి వంగుతుంది, గుంపుగా పెరుగుతుంది, కింద ఎప్పుడూ ఇల్లో బావో ఉంటుంది, అది సంసారి. తాడి నిటారుగా, ఒంటరిగా, పొలం గట్టు మీద ఎవరినీ లెక్కచేయనట్టు నిలబడుతుంది. ఆకు బిరుసు, గాలికి గలగలమంటుందే తప్ప ఊగదు. ఒంటరితనం కావాలంటే తాడి. కానీ ఒక జాగ్రత్త: దాని కింద మనిషిని పెట్టకండి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మనకు సామెత ఉంది. మీరు ఒంటరితనం వేస్తే చూసేవాడు కల్లు గీతగాణ్ణి చూసి నవ్వుకుంటాడు. నా బొమ్మ ఒకదానికి సరిగ్గా ఇదే జరిగింది. వైరాగ్యం అని పేరు పెట్టుకున్నాను, చూసినవాళ్లంతా ‘సాయంత్రం ముంతకు వచ్చాడా’ అని అడిగారు.

శాలిహుండం కొండ ఎక్కితే పాత బౌద్ధుల ఇటుక స్తూపాల అడుగులు, కింద వంశధార. కాలం గడిచిపోవడం అనే భావానికి మన దగ్గర అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. రామతీర్థం రాతికొండలు చూడటానికి ఇంకా గొప్పగా ఉంటాయి గాని, అక్కడ భక్తుల సందడి బొమ్మలోకి చొరబడుతుంది. నిశ్శబ్దానికి శాలిహుండం. ఏటా వలస వచ్చే తేలినీలాపురం కొంగలూ గూడబాతులూ తిరిగి రావడానికి గుర్తు. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు. అయితే పక్షులు ఎక్కువైతే అది పక్షుల బొమ్మ అయిపోతుంది, ఊరు కనపడదు.

వీటిలో ఏది ఎంచుకున్నా ఒక బొమ్మకు ఒకటే. పడవ, తాడి, గుడి, కొంగ నాలుగూ పెట్టిన కాగితం దుకాణం కిటికీలా ఉంటుంది. ఆ ఒక్కటి కూడా చిన్నదిగా ఉంటేనే మేలు. థామస్ గిర్టిన్ అనే ఇరవై అయిదేళ్ల యువకుడు 1800లో లండన్ దగ్గర థేమ్స్ నది మీద సంధ్యవేళను వేశాడు. బొమ్మంతా మసక గోధుమ, నీలం. నది ఒడ్డున దూరంగా ఒక చిన్న తెల్ల ఇల్లు, నీళ్లలో దాని నీడ. కన్ను నేరుగా అక్కడికే పోతుంది. మన దగ్గర ఆ తెలుపుకు వరిచేలో కొంగ ఉంది, పొందూరు ఖద్దరు పంచె కట్టుకుని గట్టు మీద నడిచే ముసలాయన ఉన్నాడు. ఆ తెలుపును కాగితంలోనే మిగుల్చుకోవాలి. తర్వాత తెల్లరంగు పూస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది.

పద్ధతి: వాతావరణమే చెబుతుంది

తడి కాగితం మీద తడి రంగు, ఆరిన పొర మీద మరో పొర, నీళ్లు పిండేసిన పొడి కుంచె; ప్రధానంగా ఈ మూడు దారులు. పుస్తకాలు మూడింటి గుణదోషాలు పట్టిక వేసి ఇస్తాయి. మన ఊళ్లో ఆ పట్టిక సగం పనిచేయదు. మే నెలలో ఆరుబయట కాగితం తడిపితే కుంచె ముంచి తెచ్చేలోపు ఆరిపోతుంది. అక్టోబరు వానల్లో పొర వేసి గంట కూర్చున్నా తేమ వదలదు, రెండో పొర మొదటిదాన్ని లేపేస్తుంది. దీన్ని ఇబ్బందిగా చూసి చాలాకాలం విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, కాలం తన పద్ధతిని తానే చెబుతోందని. ఎండకు పగిలిన నాగావళి ఇసుకకు పొడి కుంచె గరుకుతనమే సరైన భాష. వాన మబ్బుకు తడిమీద తడి. మధ్యలో చలికాలం, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, మూడింటికీ వీలైన మంచి రోజులు.

చలికాలపు ఉదయాన్ని నేను వేసే తీరు చెబుతాను. కాగితాన్ని రెండువైపులా తడిపి పలక మీద పరుస్తాను. మెరుపు పోయి, కాగితం చల్లగా మసకగా కనిపించే క్షణం దాకా ఆగుతాను. ఆ క్షణం ఒకటి రెండు నిమిషాలే. అప్పుడు పైన ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు చాలా పలుచగా, దిగంతం దగ్గర అల్ట్రామెరైన్ నీలంలో చిటికెడు బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపిన బూడిదరంగు. అవతలి ఒడ్డు చెట్లను అదే బూడిదతో, కాస్త చిక్కగా, పై అంచు మాత్రమే గీసి వదిలేస్తాను. కింది అంచు మంచులోకి తనంతట తానే కరిగిపోతుంది. ఇక్కడే చేయి దురద పెడుతుంది. ఇంకొంచెం సరిచేద్దామని సగం ఆరిన రంగులో నీటికుంచె పెట్టామా, గోబీపువ్వులా అంచులు విచ్చుకున్న మచ్చ లేస్తుంది, ఇక పోదు. చేతులు వెనక్కి కట్టుకుని అవతలికి వెళ్లి టీ తాగి రావడం నా పద్ధతిలో భాగం. తిరిగి వచ్చేసరికి రంగు పాలిపోయి ఉంటుంది, నీటిరంగు ఆరితే ఎప్పుడూ వెలుస్తుంది. మొదట్లోనే అనుకున్నదానికంటే ఒక మెట్టు చిక్కగా వేయడం అందుకే. అంతా ఆరాక, ముందున్న పడవ ఒక్కటే స్పష్టమైన అంచుతో.

మంచు మరీ మెత్తగా కావాలంటే ఇంకో దారి ఉంది. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు యోకోయామా తైకాన్, హిషిదా షున్‌సోల పనితీరు చూసి బెంగాలీ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ అలవరచుకున్న వాష్ పద్ధతి: రంగు వేసి ఆరబెట్టి, బొమ్మను నీటితో తడిపి, మళ్లీ రంగు. గీతలన్నీ ఒకే తెర వెనక్కి వెళ్లినట్టు అవుతాయి. కలలాంటి భావానికి బ్రహ్మాండం. నా అభిప్రాయంలో మన తీరానికి అది కాస్త ఎక్కువ నాజూకు. చేపల ఒడ్డు కూడా పురాణంలా కనిపిస్తుంది.

బూడిదరంగుకు పేన్స్ గ్రే ట్యూబు కొనాలా, కలుపుకోవాలా? కలుపుకోండి. ట్యూబు బూడిద అన్నిచోట్లా ఒకేలా చల్లగా ఉంటుంది. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిస్తే నీలం పొడి గరుకు కాగితం గుంటల్లో కూర్చుని, గోధుమ పక్కకు జరిగి, ఒకే మబ్బులో వెచ్చదనం చల్లదనం రెండూ ఉంటాయి.

ఎరుపు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఒక స్నేహితుడి గృహప్రవేశానికి గులాబీ ఉదయం ఒకటి వేసి ఇచ్చాను. కిటికీ ఎదుటి గోడకు తగిలించారు. కొన్నేళ్ల తర్వాత వెళ్తే ఉదయం పోయి ఏ వేళా కాని వేళ మిగిలింది. నేను వాడినది అలిజరిన్ క్రిమ్సన్, వెలుతురుకు నిలవదు. ట్యూబు మీద రంగుపొడి గుర్తు పీఆర్ 83 అని ఉంటే అది అదే. దాని బదులు పీవీ 19 అని రాసిన క్వినాక్రిడోన్ గులాబీ తీసుకోండి. ఖరీదు ఎక్కువే, ఉదయం మాత్రం ఉదయంగానే ఉంటుంది.

కాగితం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల మందం) నూలు కాగితం, నేర్చుకునే రోజుల్లో చెక్క గుజ్జు కాగితం. వానాకాలంలో విప్పి వదిలేస్తే తేమకు కాగితం పై పూత చెడి, అక్కడక్కడ రంగును అద్దుడు కాగితంలా పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచండి.

మీకు ఏది

ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఉదయాన్ని తీసుకోండి. ఎదురు వెలుగులో వివరాలు ఉండవు, మూడు రంగులతో పని జరుగుతుంది, తప్పులు మంచు కింద దాక్కుంటాయి. బంధువుల ఇంటికి ఇవ్వడానికి వేస్తుంటే వరిచేను, కొంగ. మొండి కొబ్బరిచెట్టు ఎంత బాగా వచ్చినా శుభకార్యానికి పట్టుకెళ్లకండి. చేయి తిరిగినవాళ్లు ఒక మే నెల మధ్యాహ్నాన్ని ప్రయత్నించి, ఎవరూ కొనకపోయినా దాచుకోండి.

కళింగపట్నం సాయంత్రమే కావాలని పట్టుబట్టేవాళ్లకు సూర్యుణ్ణి బొమ్మలో ఇరికించనక్కరలేని ఉపాయం ఒకటుంది. ఆ వేళ ఒడ్డున నిలబడ్డవాళ్ల నీడలు ఇసుక మీద బారుగా సాగి నీళ్ల వైపు పోతుంటాయి. ముందు ఆ నీడలు రెండు మూడు వేయండి, మనుషులు కాగితం బయటే ఉండిపోవచ్చు. తర్వాత నీళ్లు. ఆ పైన బూడిద నీలం పట్టీ, దాని మీద పీవీ 19 ఒక్క చుక్క, బాగా నీళ్లు పోసి.